గుర్రపు మేకు, బగ్గీ కమాను, రివాల్వరు

గుర్రాల నాడాల నుంచి ఊడిపోయిన అరిగిన మేకులతో ఇంగ్లండులో ఒకప్పుడు మేలైన వేట తుపాకుల గొట్టాలు చేసేవారట! విలియం గ్రీనర్ అనే తుపాకుల పనివాడు 1835లో అచ్చువేసిన ‘ది గన్’ అనే పుస్తకంలో ఈ సంగతి చదివి పొంగిపోయాను. సుత్తి దెబ్బలు తిని తిని ఆ ఇనుము బాగా సాగే గుణం తెచ్చుకుంది, గొట్టానికి కావలసింది అదే. మేకులకు పాత గుర్రపు బగ్గీల కమాను కట్టల ముక్కలు కూడా కలిపి కాచేవారు.

కమాను కట్ట అంటే మన కోనసీమలోని అల్లవరం వాళ్లకు వేరే చెప్పాలా? మన కమ్మరి కొలిమిలో లారీ కమాను కట్టే కొబ్బరి తోటలో కత్తి అవుతుంది. అందులో కర్బనం పాలు ఎక్కువ, అందుకే పదును పెడితే నిలుస్తుంది.

ఉన్నదాన్నే మళ్లీ వాడుకునే ఈ పద్ధతి రివాల్వర్ల కథలోనూ ఉంది. సామ్యూల్ కోల్ట్ 1847లో అమెరికా సైన్యానికి వెయ్యి వాకర్ రివాల్వర్లు చేయించాడు. వాటిలో మిగిలిన విడిభాగాలను హార్ట్‌ఫర్డ్‌లోని తన కార్ఖానాకు తెచ్చుకుని సుమారు 240 కొత్తవి బిగించాడు. ఈనాడు వాటి కోసం పాత తుపాకులు సేకరించేవారు పడి చస్తారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది జార్జియా రాష్ట్రంలోని గ్రిస్‌వోల్డ్ కార్ఖానా కథ. అది పత్తి జిన్నింగ్ యంత్రాలు చేసే చోటు. అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం వచ్చాక 1862లో రివాల్వర్ల పనికి మళ్లింది. దక్షిణాదికి ఉక్కు కరువైంది, అందుకని చట్రాన్ని ఇత్తడితో పోతపోశారు. తుపాకి గుళ్లు నింపే చక్రానికి ఇనుప కడ్డీని మెలితిప్పి బలం తెచ్చారు. చర్చి గంటలను ఫిరంగుల కోసం ఇమ్మని దక్షిణాది సేనాని బోరిగార్డ్ ప్రజలను అడిగిన ఏడాది అది. ఆ కార్ఖానాలో పనిచేసిన వారిలో బానిసలు చాలామంది. వాళ్ల పేర్లు చరిత్రలో నిలవలేదు, యజమాని పేరు మాత్రం తుపాకులకు మిగిలింది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. దాదాపు 3,600 రివాల్వర్లు తయారయ్యాక, 1864 నవంబరులో ఉత్తరాది అశ్వికదళం ఆ కార్ఖానాను తగలబెట్టింది.

ఇనుము కలిపి కాచే విద్య మన దగ్గరా ఉండేది. మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి ఉక్కు కరిగించేవారు. ఇస్ఫహాన్ వర్తకులు దాన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. ఈ పని గురించి వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త రాసిన వివరం 1832లో అచ్చయింది. ఆ తర్వాత కొలుములు ఆరిపోయాయి, చేతిలో ఉన్న విద్యా పోయింది. దీనికి మించిన నష్టం నాకు కనిపించదు.

అమెరికాలో పాత విడిభాగాలతో రివాల్వర్లు బాగుచేసుకోవడం ఇప్పటికీ సరదా పని. మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకి చేయడం 1959 ఆయుధ చట్టం కింద నేరం. కానీ ఏ పాత ఇనుము ఏ పనికి పనికొస్తుందో చూసి చెప్పగల కమ్మర్లు కోనసీమలో ఇంకా ఉన్నారు. మీ ఊళ్లో ఉంటే వెళ్లి, వాళ్లు చెప్పేది వాళ్ల పేరుతో సహా రాసిపెట్టండి.