తెర మీద చరిత్ర: పనెవరిది, పేరెవరిది?

శని, ఆదివారాలొస్తే చరిత్ర మీద తీసిన సినిమాలూ, డాక్యుమెంటరీలూ, సీరియళ్ళూ ముందేసుకుని కూర్చోవడం నాకలవాటు. నేను చరిత్రకారుణ్ణి కాదు, సినిమా విమర్శకుణ్ణి అంతకన్నా కాదు. పొద్దున లేస్తే కోడు రాసుకునే మామూలు ప్రేక్షకుణ్ణి. కాబట్టి ఇక్కడ రాసేవన్నీ ఒక మామూలు ప్రేక్షకుడి అభిప్రాయాలుగానే తీసుకోండి.

ఇలాంటి సినిమాలు వచ్చినప్పుడల్లా జరిగే గొడవ ఎక్కువగా తేదీల గురించీ, బట్టల గురించీ ఉంటుంది. ఆ కారు అప్పటికింకా రాలేదనో, ఆ టోపీ ఆ కాలంది కాదనో. అవి నాకంతగా పట్టవు. నేను చూసేది ఒక్కటే: నిజంగా పని చేసిందెవరు, సినిమాలో ఆ పని ఎవరి ఖాతాలో పడింది? ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో సాఫ్ట్‌వేర్ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదనుకుంటా. ఏడాదికోసారి అప్రైజల్ అనే పండగ మనకెలాగూ ఉందిగా :)

ముందుగా మన వాళ్ళందరికీ తెగ నచ్చిన సినిమాతో మొదలెడదాం. 2014లో వచ్చిన 'ది ఇమిటేషన్ గేమ్'. అలన్ ట్యూరింగ్ కథ. బెనెడిక్ట్ కంబర్‌బాచ్ నటన గురించి మాట్లాడక్కర్లేదు, అద్భుతం. ఇంతకీ సినిమాలో ఏముంది? మనుషులతో కలవలేని ఒక మేధావి. అతన్ని అడుగడుగునా అడ్డుకునే మిలటరీ బాసు డెనిస్టన్. బాసుని ఎదిరించి, చర్చిల్‌కి ఉత్తరం రాసి, ఒక్క యంత్రం కట్టి, జర్మన్ల ఎనిగ్మా కోడ్‌ని ఛేదించి యుద్ధం గెలిపించడం.

ఇప్పుడు జరిగింది చూద్దాం. ఎనిగ్మా లోపలి వైరింగ్‌ని మొదట లెక్కగట్టింది మరియన్ రెయెవ్‌స్కీ అనే పోలండ్ గణిత శాస్త్రవేత్త, 1932 డిసెంబరులో. అప్పటికి ట్యూరింగ్ ఇరవయ్యేళ్ళ విద్యార్థి. రెయెవ్‌స్కీ, రుజిట్స్కీ, జిగాల్స్కీ ముగ్గురూ కలిసి ఏళ్ళ తరబడి జర్మన్ సందేశాలు చదివారు. తమ దేశం మీద దాడి తప్పదని అర్థమయ్యాక, 1939 జులైలో వార్సా దగ్గర బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్ళని పిలిచి తమకు తెలిసిందంతా వాళ్ళ చేతిలో పెట్టారు. ఆ సమావేశానికి బ్రిటన్ తరఫున వెళ్ళినవాళ్ళలో ఎవరున్నారో తెలుసా? సినిమాలో విలన్‌గా చూపించిన ఆ డెనిస్టనే! ట్యూరింగ్ లాంటి లెక్కల వాళ్ళని వెతికి పనిలోకి తీసుకున్నదీ ఆయన హయాంలోనే.

ట్యూరింగ్ గొప్పతనం ఇందులో ఎక్కడా తగ్గదు. పోలండ్ పద్ధతి జర్మన్లు తమ విధానం మార్చుకుంటే పనికిరాకుండా పోయే రకం. సందేశంలో ఫలానా మాట ఉండి తీరుతుందని ఊహించి, దాంతో సరిపడని అమరికలన్నిటినీ కొట్టేసుకుంటూ పోయే 'బాంబ్' యంత్రం ఆలోచన ట్యూరింగ్‌దే. దానికి డయాగనల్ బోర్డ్ అనే కీలకమైన చేర్పు చేసి వేగం పెంచింది గోర్డన్ వెల్చ్‌మన్. సినిమాలో ఈయన లేడు. ఆ యంత్రాలు ఒకటీ రెండూ కాదు, యుద్ధం ముగిసేసరికి 200 పైచిలుకు తయారయ్యాయి. వాటిని రాత్రీ పగలూ నడిపింది నౌకాదళ మహిళా విభాగం వాళ్ళు. ఒక దశలో బ్లెచ్‌లీ పార్క్‌లో పనిచేసినవాళ్ళు దాదాపు 9,000 మంది. వాళ్ళలో నాలుగింట మూడు వంతులు ఆడవాళ్ళు.

ఇక ఆ ఉత్తరం సంగతి. 1941 అక్టోబరులో చర్చిల్‌కి ఉత్తరం వెళ్ళిన మాట నిజం. కానీ దాని మీద సంతకాలు నాలుగు: ట్యూరింగ్, వెల్చ్‌మన్, అలెగ్జాండర్, మిల్నర్-బారీ. చేత్తో పట్టుకెళ్ళి ప్రధాని ఇంట్లో ఇచ్చొచ్చింది మిల్నర్-బారీ. అందులో అడిగిందేంటంటే.. మనుషులు! టైపిస్టులు కావాలి, యంత్రాలు నడిపేవాళ్ళు కావాలి, అడిగితే పైవాళ్ళు పట్టించుకోవడంలేదు మహాప్రభో అని. చర్చిల్ వాళ్ళకి కావలసినవన్నీ వెంటనే ఇమ్మన్నాడు. అంటే ఏమిటీ, చరిత్రలోకెల్లా ప్రసిద్ధమైన రిసోర్స్ రిక్వెస్ట్ అన్నమాట. మాకు మనుషులు చాలట్లేదని నలుగురు రాసిన ఉత్తరం సినిమాలోకొచ్చేసరికి, నన్నే హెడ్‌ని చెయ్యండని ఒక్కడు రాసిన ఉత్తరమైపోయింది. నిజం కన్నా అబద్ధం చప్పగా ఉంది కదా?

దీనికి విరుగుడుగా బీబీసీ 2011లో తీసిన ఒక డాక్యుమెంటరీ చూడండి. 'కోడ్‌బ్రేకర్స్: బ్లెచ్‌లీ పార్క్స్ లాస్ట్ హీరోస్' దాని పేరు. ఇది ఎనిగ్మా గురించి కాదు, హిట్లర్ పై స్థాయి సేనాధిపతులు వాడిన లోరెంజ్ అనే ఇంకా కష్టమైన యంత్రం గురించి. 1941 ఆగస్టులో ఒక జర్మన్ ఆపరేటర్ నాలుగు వేల అక్షరాల సందేశం పంపాడు. అవతలివాడు అందలేదు, మళ్ళీ పంపమన్నాడు. ఇతను బద్ధకించి యంత్రం సెట్టింగులు మార్చకుండా, పైగా అక్కడక్కడా మాటలు కుదించి, మళ్ళీ కొట్టాడు. ఒకే తాళంతో రెండు వేర్వేరు సందేశాలు! ఆ ఒక్క పొరపాటు పట్టుకుని జాన్ టిల్ట్‌మన్ రెండు సందేశాల్నీ విడదీశాడు. ఆ తర్వాత బిల్ టట్ అనే కుర్రాడు, యంత్రాన్ని కంటితో చూడకుండానే, దానిలో ఎన్ని చక్రాలున్నాయో, ఒక్కోదానికి ఎన్ని పళ్ళున్నాయో కాగితం మీద తేల్చేశాడు. బ్లాక్ బాక్స్ టెస్టింగ్ అంటే అదీ!

ఆ పనికోసం కొలోసస్ అనే ఎలక్ట్రానిక్ యంత్రాన్ని కట్టింది టామీ ఫ్లవర్స్. తపాలా శాఖ ఇంజనీరు, తాపీ మేస్త్రి కొడుకు. వేయికి పైగా వాక్యూమ్ ట్యూబులు పెడితే ఊరికే పాడైపోతాయని పెద్దలు పెదవి విరిచినా, తన సొంత డబ్బు కూడా కలిపి 1944 మొదట్లోకల్లా పనిచేసే యంత్రాన్ని తెచ్చి నిలబెట్టాడు. యుద్ధమయ్యాక రహస్యం కాపాడాలని ఆ డ్రాయింగులు తన చేత్తోనే పొయ్యిలో వేశాడు. ప్రభుత్వమిచ్చింది వెయ్యి పౌండ్లు. ఆయన పెట్టిన ఖర్చుకి కూడా చాలని ఆ డబ్బులో చాలా భాగం తనతో పనిచేసినవాళ్ళకి పంచిపెట్టాడు. 1970ల దాకా ఇదంతా బయటి ప్రపంచానికి తెలీదు. ఈయన మీద ఇంకా ఒక పెద్ద సినిమా రాకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

సరే, ఇంకో సినిమా. 2016లో వచ్చిన 'హిడెన్ ఫిగర్స్'. పేరులోనే ఉంది, మరుగున పడిన మనుషుల కథ. నాసాలో లెక్కలు కట్టిన ముగ్గురు నల్లజాతి మహిళలు: కాథరిన్ జాన్సన్, డొరొతీ వాన్, మేరీ జాక్సన్. మంచి సినిమా, పిల్లలకి తప్పకుండా చూపించాల్సిన సినిమా. 1962లో జాన్ గ్లెన్ భూమిని చుట్టి రావడానికి ముందు, ఐబీఎం కంప్యూటర్ ఇచ్చిన లెక్కల్ని కాథరిన్ చేత సరిచూయించమని అడగడం కూడా నిజమే. కాకపోతే రాకెట్ ఎక్కబోతూ కాదు. ఆ లెక్కకి ఒకటిన్నర రోజు పట్టింది. దీన్ని సినిమా కోసం కుదించారు, పర్లేదు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. అందులో కెవిన్ కాస్ట్‌నర్ వేసిన తెల్ల బాసు, నల్లవాళ్ళ మరుగుదొడ్డి బోర్డుని పెద్ద ఇనుప కడ్డీతో బద్దలుకొడతాడు. థియేటర్లో చప్పట్లు కొట్టించే సీను. ఆ బాసూ కల్పితమే, ఆ సీనూ కల్పితమే. జాన్సన్ అసలా బోర్డులని లెక్కచెయ్యకుండా దగ్గర్లో ఉన్నదే వాడుకుంది. నిజంగా అక్కడొక బోర్డు కథ ఉంది. 1940లలో భోజనశాలలో నల్లవాళ్ళ బల్ల మీద ఒక చిన్న బోర్డు పెట్టేవారు. మిరియం మాన్ అనే ఉద్యోగిని రోజూ దాన్ని తీసి తన సంచీలో వేసుకునేది. వాళ్ళు మళ్ళీ ఇంకోటి పెట్టేవారు, ఈవిడ మళ్ళీ తీసేది. చివరికి విసిగిపోయి పెట్టడం మానేశారు. ఉద్యోగం పోతే ఇంకో చోట దొరకడం కష్టమైన రోజుల్లో, గొంతెత్తకుండా చేసిన పని అది. సినిమా ఆ ధైర్యాన్ని తీసుకెళ్ళి, పోయేదేమీ లేని ఒక కల్పిత బాసు చేతిలో పెట్టింది. మరుగున పడ్డవాళ్ళ సినిమాలోనే ఇంకొకావిడ మరుగున పడిపోయింది!

మన దగ్గరకొద్దాం. 2022లో సోనీలివ్‌లో వచ్చిన 'రాకెట్ బాయ్స్'. హోమీ భాభా, విక్రమ్ సారాభాయ్‌ల కథ. నిర్మాణం బావుంది, జిమ్ సర్బ్ భాభాగా అదరగొట్టాడు. సైన్సు మీద మనవాళ్ళు ఇంత శ్రద్ధగా తియ్యడం అరుదు కాబట్టి సంతోషంగానే చూశాను. కానీ భాభాకి ప్రత్యర్థిగా మెహదీ రజా అనే ఒక శాస్త్రవేత్తని సృష్టించారు. కలకత్తా మనిషి, సైక్లోట్రాన్, పార్లమెంటు, భాభాతో పడకపోవడం.. ఇవన్నీ చూస్తే మేఘనాథ్ సాహా గుర్తుకు రాకమానడు. ఆ ముస్లిం పాత్ర కథ పొడుగునా అనుమానపు నీడలోనే నడుస్తుంది.

అసలు సాహా ఎవరు? ఢాకా దగ్గర పల్లెటూళ్ళో చిల్లర కొట్టు నడుపుకునే కుటుంబంలో, కింది కులంగా చూడబడ్డ ఇంట్లో, 1893లో పుట్టాడు. నక్షత్రాల వెలుగు చూసి వాటి ఉష్ణోగ్రత చెప్పడానికి దారి చూపిన సమీకరణం 1920లో ఇచ్చాడు. 1952లో లోక్‌సభకి గెలిచి, అణుశక్తి వ్యవహారాలన్నీ గుట్టుగా నడపడం మీద నెహ్రూ ప్రభుత్వాన్ని సభలోనే నిలదీశాడు. సాహా, భాభాల మధ్య ఉన్నది సిద్ధాంతపరమైన గొడవ. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన జరగాలా, లేక ప్రభుత్వం విడిగా పెట్టే సంస్థల్లోనా అన్నది. ఈనాటికీ తేలని ప్రశ్న అది. దాన్ని ఇద్దరి మధ్య అసూయగా, దేశభక్తి మీద అనుమానంగా మార్చేస్తే, పేరు మార్చాం కదా అంటే సరిపోతుందా?

అన్నట్టు, సాహా కూర్చున్న ఆ మొదటి లోక్‌సభలోనే మనం మర్చిపోయిన మనిషి ఇంకొకరున్నారు. గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు అనుచరుడు! 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడితో మొదలైన మన్యం తిరుగుబాటు, 1924 మే 7న రాజు మరణంతో మన మనసుల్లో ముగిసిపోతుంది. కృష్ణ 1974లో తీసిన 'అల్లూరి సీతారామరాజు' ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇప్పటికీ ఇష్టమే. కానీ జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చిన ఆ గిరిజనుడు 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి పార్లమెంటుకి వెళ్ళాడని మనలో ఎంతమందికి తెలుసు? ఆ తిరుగుబాటు మన్యం జనానిది. రాజు నాయకుడు. మనకి నాయకుడు మిగిలాడు, జనం సైడ్ క్యారెక్టర్లయిపోయారు.

"రెండు గంటల సినిమాలో తొమ్మిది వేల మందిని ఎలా చూపిస్తారండీ?" అని మీరడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా మటుకు నాకు ఇందులో మూడు రకాలున్నాయి. ఒకటి, కుదించడం. ఒకటిన్నర రోజుని పది నిమిషాలు చేస్తే అభ్యంతరం లేదు. రెండు, కలపడం. పదిమందిని ఒక పాత్ర చెయ్యడం. దీనికి 2019లో హెచ్‌బీఓ తీసిన 'చెర్నోబిల్' మంచి ఉదాహరణ. అందులో ఉలానా ఖొమ్యుక్ అనే శాస్త్రవేత్త కల్పితం. కానీ చివర్లో, లెగసోవ్‌కి సాయపడ్డ ఎందరో శాస్త్రవేత్తలకి ఈమె ప్రతినిధి అని తెర మీదే చెప్పారు. కోర్టు సీనులో వాదించే లెగసోవ్ నిజానికి ఆ విచారణకి రానేలేదు. అలాంటి మార్పులు ఏవేం చేశారో రచయిత క్రెయిగ్ మేజిన్ విడిగా పాడ్‌కాస్ట్ పెట్టి మరీ ఒప్పుకున్నాడు. అంటే ఐదు ఎపిసోడ్లలోనూ ఇది సాధ్యమే.

మూడోది బదలాయించడం. ఒకరి పనినీ, ఒకరి ధైర్యాన్నీ తీసి ఇంకొకరికి ఇచ్చెయ్యడం. మిరియం మాన్‌కి జరిగింది అదే, వెల్చ్‌మన్‌కి జరిగింది అదే. ఇదిమాత్రం కళాత్మక స్వేచ్ఛ ఖాతాలో వేసుకోవడానికి నాకు మనసొప్పదు. ఎందుకంటే చాలామందికి సినిమాయే చరిత్ర. పుస్తకం తెరిచేది నూటికొకడు. బ్లెచ్‌లీ వాళ్ళలో చాలామంది నోరు మూసుకుని రహస్యం కాపాడి, అది బయటపడేలోపే పోయారు. వాళ్ళ తరఫున ఇది తప్పని చెప్పడానికి ఎవరూ రారు.

ఇంకోటి కూడా ఉంది. పెద్ద పనులన్నీ ఎవరితోనూ పడని ఒంటరి మేధావులే చేస్తారని ఈ సినిమాలు పదేపదే చెప్తాయి. దాంతో కొత్తగా ఉద్యోగంలో చేరే కుర్రాళ్ళు కూడా పొగరు తెలివికి గుర్తనుకుంటున్నారు. నిజం చూస్తే ట్యూరింగ్ కూడా నలుగురితో కలిసి సంతకం పెట్టినవాడే.

కాబట్టి నేను చెయ్యమనేది చిన్న పని. సినిమా అయిపోయాక పేర్లు పడుతుండగానే టీవీ కట్టేసి లేచిపోకుండా, ఆ పనిలో ఇంకా ఎవరున్నారో ఒక పావుగంట వెతకండి. ఒక్క పేరు దొరికినా చాలు, పిల్లలకి ఆ పేరు కూడా చెప్పండి. మీరు చూసినవాటిల్లో ఇలా పేరు పోగొట్టుకున్నవాళ్ళెవరైనా ఉంటే నాకూ చెప్పండి, వచ్చే శనివారానికి పనికొస్తుంది.