అన్నం మానిపించి రొట్టె పెట్టించిన రోజులు

1887లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే వైద్యుడు ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ముఖ్యంగా ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలను పట్టి పీడించే ఒక జబ్బు గురించి మాట్లాడాడు. తిన్నది ఒంటబట్టదు. కాళ్లూ చేతులూ సన్నబడిపోతాయి, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. విరేచనం పాలిపోయి, నురగతో, భరించలేని కంపుతో, తిన్నదానికి మించి అవుతుంది. ఈ పిల్లలు బాగుపడడమంటూ ఉంటే అది పథ్యం వల్లేనని గీ తేల్చి చెప్పాడు. అంతవరకు ఆయన మాట నూటికి నూరుపాళ్లూ నిజమైంది.

చిక్కంతా ఆ పథ్యంలో ఉంది. అన్నం, సగ్గుబియ్యం, మొక్కజొన్న పిండి పనికిరావన్నాడు. రొట్టెను పల్చగా కోసి, రెండు వైపులా బాగా కాల్చి పెట్టవచ్చన్నాడు. అంటే పిల్లలకు పడేవాటిని మానిపించి, పడనిదాన్ని కాల్చి మరీ పెట్టించాడన్నమాట.

గీ చూడకపోలేదు. రోజూ హాలెండ్ నుంచి వచ్చే ఆల్చిప్పల మాంసం తిని ఒక బిడ్డ చక్కగా ఒళ్లు చేసిందని, ఆల్చిప్పలు దొరికే కాలం ముగియగానే జబ్బు తిరగబెట్టిందని ఆయనే రాశాడు. మరుసటి ఏడాది ఆ బిడ్డ ఆల్చిప్పల ముఖం కూడా చూడనందట. కళ్లెదుట కనిపించిన ఆ మార్పు తిన్నదాని వల్లా, తినడం మానినదాని వల్లా అన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు. మన దగ్గర జ్వరం తగ్గిన పిల్లవాడికి చారన్నం ఎలాగో, ఐరోపాలో నీరసించిన బిడ్డకు రొట్టె అలాగ. దాన్ని ఎవరు అనుమానిస్తారు? ఆ అనుమానం రుజువై వైద్యశాస్త్రంలోకి ఎక్కడానికి మరో అరవై ఏళ్లకు పైగా పట్టింది.

ఈ జబ్బు పేరు సీలియాక్. పొట్టకు సంబంధించిన గ్రీకు మాట అది. రెండో శతాబ్దం నాటి గ్రీకు వైద్యుడు అరిటియస్ రాతల్లోనే దీని పోలికలున్నాయి. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్‌ను చూసి శరీరంలోని రక్షణ వ్యవస్థ కంగారుపడి, సొంత చిన్నపేగు గోడనే దెబ్బతీస్తుంది. ఆహారాన్ని పీల్చుకునే సన్నని మొలకలు అరిగి చదునైపోతాయి. బిడ్డ కడుపునిండా తింటూనే పోషణ లేక చిక్కిపోతుంది. గ్లూటెన్ పూర్తిగా ఆపేస్తే పేగు మళ్లీ కోలుకుంటుంది. మళ్లీ పెడితే మళ్లీ పాడవుతుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వైద్యులు కొవ్వును తప్పుపట్టారు, పిండిపదార్థాలను తప్పుపట్టారు, పేగుల్లోని క్రిములను తప్పుపట్టారు. అమెరికాలో క్రిస్టియన్ హెర్టర్ 1908లో దీని మీద పుస్తకమే రాశాడు. ఇద్దరి పేర్లూ కలిపి గీ-హెర్టర్ జబ్బు అనడం మొదలైంది. పేరైతే పెరిగింది, పిల్లల ప్రాణాలు మాత్రం పోతూనే ఉన్నాయి.

1924లో న్యూయార్క్ పిల్లల వైద్యుడు సిడ్నీ హాస్ అరటిపండ్ల పథ్యం ప్రకటించాడు. బాగా మగ్గిన అరటిపండ్లు రోజుకు ఎన్ని తింటే అన్ని, వాటితో పాటు పాలు, మాంసం, కూరగాయలు. రొట్టె, బిస్కెట్లు, బంగాళాదుంపలు, ధాన్యాలు నిషేధం. తాను అలా పెంచిన ఎనిమిది మంది పిల్లలు కోలుకున్నారని రాశాడు. అమెరికా అంతటా తల్లులు అరటి గెలల కోసం బజారు బాట పట్టారు. నెలల తరబడి ఆసుపత్రిలో ఉంచి అరటిపండ్లతో పెంచిన పిల్లలూ ఉన్నారు. 1940లో యుద్ధం వల్ల బ్రిటన్ అరటిపండ్ల దిగుమతి ఆపేసినప్పుడు, ఈ పథ్యం మీద బతుకుతున్న బిడ్డలున్న ఇళ్లకు అది మామూలు కొరత కాదు.

పిల్లలు బతికింది హాస్ రొట్టెను నిషేధించడం వల్ల. పేరు కొట్టేసింది అరటిపండు. ఈ పొరపాటుకు మూల్యం తర్వాత తెలిసింది. బిడ్డ పూర్తిగా కోలుకున్నాక మామూలు తిండి పెట్టవచ్చని, జబ్బు శాశ్వతంగా నయమవుతుందని హాస్ నమ్మాడు. అరటిపండ్లు తిని బతికి బట్టకట్టిన పిల్లలు మళ్లీ రొట్టెకు అలవాటుపడ్డారు, పేగులు మళ్లీ లోలోపల దెబ్బతిన్నాయి. గోధుమ గుట్టు బయటపడ్డాక, 1951లో కొడుకు మెరిల్‌తో కలిసి రాసిన పుస్తకంలో కూడా హాస్ తన పథ్యాన్నే సమర్థించుకున్నాడు.

గుట్టు విప్పినవాడు డచ్ వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె. 1905లో పుట్టిన డికె ముప్పై ఒకటో ఏటనే, 1936లో, హేగ్ నగరంలోని జూలియానా పిల్లల ఆసుపత్రికి అధిపతి అయ్యాడు. ఆయన కథను సాధారణంగా ఇలా చెబుతారు: 1944 చలికాలంలో నాజీల దిగ్బంధంతో పడమటి హాలెండ్ నగరాల్లో కరువొచ్చింది. జనం ట్యూలిప్ దుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. ఇరవై వేల మంది దాకా చనిపోయారు. అందరు పిల్లలూ నీరసిస్తుంటే సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. 1945లో సాయంగా తెల్ల రొట్టె రాగానే మళ్లీ మంచాన పడ్డారు. అది చూసి డికెకు జ్ఞానోదయమైంది.

కథ బాగానే ఉంది గానీ సగమే. కరువు రావడానికి మూడేళ్ల ముందే, 1941లో, డచ్ వైద్య పత్రికలో డికె ఈ జబ్బుకు గోధుమ లేని సులువైన పథ్యం గురించి రాశాడు. 1930లలోనే ఒక యువతల్లి ఆయనకు చెప్పింది, రొట్టె ఆపేస్తే తన బిడ్డకు నెమ్మదిస్తోందని. రోజూ కంచం దగ్గర కూర్చునే మనిషికి కనిపించినది అప్పటి వైద్య గ్రంథాల్లో లేదు. డికె గొప్పతనం ఆ మాటను కొట్టిపారేయకపోవడంలో ఉంది. ఆకలి చలికాలం ఆయన అనుమానాన్ని పుట్టించలేదు, గట్టిపరిచింది.

యుద్ధం ముగిశాక అసలు పని మొదలైంది. ఆసుపత్రిలోని పిల్లలకు కొన్ని వారాలు గోధుమ పెట్టడం, కొన్ని వారాలు ఆపడం, ఎత్తూ బరువూ రాసుకోవడం. యూట్రెక్ట్‌లో వాన్ డి కామర్ అనే రసాయన శాస్త్రవేత్త మలంలో కొవ్వును కొలిచే పద్ధతి కనిపెట్టాడు. తిన్న కొవ్వులో ఎంత ఒంటబట్టిందో, ఎంత వృథాగా పోయిందో దాంతో అంకెల్లో తేలింది. గోధుమ, రై పెడితే అంకె చెడిపోయేది. బియ్యం, మొక్కజొన్న, బంగాళాదుంప పిండి పెడితే చెడలేదు. 1950లో యూట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి డికె సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో ఈ పిల్లల ఎదుగుదల రేఖలే సాక్ష్యం. గీ నిషేధించిన అన్నం అలా నిర్దోషిగా బయటపడింది.

గోధుమలో దోషి ఎవరో 1952లో బర్మింగ్‌హామ్‌లో తేలింది. ఆస్ట్రేలియాకు చెందిన షార్లెట్ ఆండర్సన్, ఆమె సహచరులు గోధుమ పిండిని రెండు భాగాలుగా విడదీసి పిల్లల మీద పరీక్షించారు. పిండిని ముద్దగా కలిపి నీళ్లలో పిసుకుతూ కడిగితే తెల్లని గంజి దిగిపోయి చేతిలో సాగే జిగురు ముద్ద మిగులుతుంది. ఇటలీలో బెకారి అనే పండితుడు పద్దెనిమిదో శతాబ్దంలోనే ఇది చేసి చూపాడు. ఆ జిగురే గ్లూటెన్. పిల్లలకు గంజి భాగం పడింది, జిగురు పడలేదు.

ఆ తర్వాత తల్లిదండ్రుల మీద మరో భారం పడింది. 1950ల మధ్య నుంచి చిన్న గొట్టం మింగించి పేగు ముక్క తీసి చూసే వీలొచ్చింది. 1969లో స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్‌లో ఐరోపా పిల్లల వైద్యులు ఒక నియమం పెట్టుకున్నారు. జబ్బుతో ఉన్నప్పుడు ఒకసారి, పథ్యం మీద కోలుకున్నాక ఒకసారి, మళ్లీ గోధుమ పెట్టి ఇంకోసారి పేగు ముక్క తీసి చూడాలి. అంటే ఏళ్లపాటు కాచుకున్న బిడ్డ చేతికి కావాలని రొట్టె అందించాలి. 1990 తర్వాతే ఈ మూడుసార్ల పద్ధతి చాలావరకు సడలింది. రక్త పరీక్షలు మెరుగుపడ్డాక, కొందరు పిల్లలకు పేగు ముక్క తీయకుండానే నిర్ధారించవచ్చని 2012లో ఐరోపా నిపుణులు ఒప్పుకున్నారు.

భారతదేశంలో ఇది చాలాకాలం తెల్లవాళ్ల జబ్బుగానే చలామణి అయింది. 1966లో ఉత్తర భారత పిల్లల్లో సీలియాక్ గురించిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాక కూడా, రక్తహీనత అనో కడుపులో పాములనో మందులు వాడి సరిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో. 2016లో అచ్చయిన ఒక అధ్యయనం 23,331 మంది పెద్దవాళ్లను పరీక్షించింది. ఉత్తరాదిన 1.23 శాతం మందికి, ఈశాన్యంలో 0.87 శాతం మందికి, దక్షిణాదిన 0.10 శాతం మందికి రక్తంలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు కనిపించాయి. దీనికి అనువైన జన్యువులు మాత్రం మూడు చోట్లా ఇంచుమించు సమానమే. రోజువారీ గోధుమ వాడకం ఉత్తరాదిన సగటున 455 గ్రాములు, ఈశాన్యంలో 37, దక్షిణాదిన 25. ఈశాన్యంలో తక్కువ గోధుమ తింటూ కూడా జబ్బు అంతగా ఉండడం చూస్తే లెక్క ఒక్క గోధుమతో తెగేది కాదు. అయినా దక్షిణాది మీద అన్నం కాపు ఎంతో కొంత ఉందనిపిస్తుంది.

తెలుగువారి తిండిలో ఆ కాపు అన్నంతోనే ఆగలేదు. తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగి సంకటి, కోస్తాలో ఇడ్లీ, దోసె, అట్లు, దేనిలోనూ గ్లూటెన్ లేదు. అరిసెలు, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు ఈ పిల్లలకు దిగుల్లేకుండా పెట్టదగ్గవి. కాజా, బొబ్బట్టు, సేమ్యా పాయసం, బొంబాయి రవ్వ ఉప్మా అటు పక్కవి. నూడుల్స్ పొట్లాలు, బ్రెడ్డు, పరోటా, షుగరుకు భయపడి ఇంటిల్లిపాదీ మొదలుపెట్టిన రాత్రి చపాతీ, ఇవన్నీ గత నలభై యాభై ఏళ్లలో ఊరూరా పాకాయి. అన్నం కాపు కింద దాగిన జబ్బు అలాంటి ఇళ్లలో పైకి తేలుతుంది.

పైకి తేలాక బియ్యం డబ్బా ఉంది కదా అని తల్లి నిశ్చింతగా ఉండలేదు. గ్లూటెన్ లేదని చెప్పుకునే ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి అది ఉండకూడదని అంతర్జాతీయ ప్రమాణం, మన దేశపు నియమమూ అదే. ఈ లెక్కను గిర్నీ ముందు పెట్టి చూడాలి. జొన్నలు పట్టించడానికి ఆమె వెళ్లేసరికి ముందు మనిషి గోధుమలు పట్టించుకుని పోయి ఉంటాడు. రాళ్ల మధ్య, గుడ్డ గొట్టంలో, మూకుడు అంచున మిగిలిన తెల్లటి ధూళి అంతా గోధుమే. అందుకే కొందరు ఇంట్లోనే చిన్న మర కొనుక్కుంటారు. ఇంగువది మరో తిరకాసు. అసలు ఇంగువ ఘాటైన జిగురు గడ్డ. డబ్బాల్లో అమ్మే పొడిలో దానికి బంక, పిండి కలుపుతారు. ఆ పిండి చాలా రకాల్లో మైదా, కొన్నింటిలో బియ్యప్పిండి. సాంబారులో గోధుమ ఉంటుందని ఏ నాయనమ్మా ఊహించదు. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివే కోడలిది చాదస్తమనే అనుకుంటుంది.

బంధువుల ఇళ్లలో గొడవ వచ్చేది ఎక్కువగా ప్రసాదం దగ్గరే. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ నూక, నెయ్యితో చేస్తారు. ఇంట్లో చేసుకునే వ్రతానికీ గోధుమ రవ్వే ఆనవాయితీ. కళ్లకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే ఏమవుతుందిలే అనే పెద్దవాళ్లకు 20 మిల్లీగ్రాముల లెక్క చెప్పడం కష్టం. అంతకంటే తేలికైన సమాధానం వ్రతకథలోనే ఉంది. సత్యనారాయణ వ్రత విధానంలో నైవేద్యానికి గోధుమ పిండి చెప్పి, అది లేకపోతే వరి పిండి వాడుకోవచ్చని వెంటనే చెప్పారు.