పాత మాట – సజీవ వాక్యము



మీలో కొందరి ఇళ్లలో తెలుగు బైబిలు ప్రక్కనే, 1611లో మొదట అచ్చయిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలు కూడా ఉంటుంది. దాని భాష పాతదని ఎలా గుర్తుపట్టాలి? మూడు గుర్తులు చెబుతాను, గమనించండి.

మొదటిది 'దౌ' అనే మాట. ఇది దేవునికే ప్రత్యేకించిన గౌరవ పదమని అనేకుల తలంపు. కాదు ప్రియులారా! అది మన 'నీవు' వంటిది. ఆ బైబిలులో ఎదుట ఉన్నది ఒక్కరైతే రాజైనా, దాసుడైనా, చివరికి సాతానైనా 'దౌ'యే. మనము "తండ్రీ, నీవు" అని ప్రార్థించినట్టే అది ఏకవచనపు పిలుపు.

రెండవది క్రియల చివర వచ్చే 'ఎత్'. నేటి 'కమ్స్' అందులో 'కమెత్'. 1611 నాటికే ఇది జనుల నోట తగ్గిపోతున్నది. మరి ఎందుకు ఉంచారు? ఆ పండితులు అంతకుముందున్న తర్జుమాలను సరిచూస్తూ వ్రాశారు. విలియం టిండేల్ 1526లో వర్మ్స్ పట్టణంలో అచ్చువేయించిన క్రొత్త నిబంధన మాటలు అందులో ఎన్నో నిలిచాయి.

మూడవది జాగ్రత్తగా చూడవలసినది. మాట అదే, అర్థము మారింది. 1 థెస్సలొనీకయులకు 4:15లో 'ప్రివెంట్' అంటే ఆపుట కాదు, ముందుగా వెళ్లుట. 2 థెస్సలొనీకయులకు 2:7లో 'లెట్' అంటే అనుమతించుట కాదు, అడ్డగించుట. ఫిలిప్పీయులకు 1:27లో 'కాన్వర్సేషన్' అంటే సంభాషణ కాదు, ప్రవర్తన. తెలుగు బైబిలు తెరచి చూడండి, భావము తేటపడుతుంది.

ప్రియ చదువరీ, నాగలి పట్టే కుర్రవానికి సైతం లేఖనము తెలియాలన్నదే టిండేల్ ఆశ. అందుకొరకే శ్రమపడి, 1536లో విల్వోర్డ్‌లో ప్రాణమిచ్చాడు. ఆయన వాడినది ఆనాటి వాడుక మాటే. మనకు పాతబడింది, అంతే. పాతదనమే పరిశుద్ధత అనుకుంటే ఆయన ఆశకు మనమే అడ్డుపడతాము. మన తెలుగు బైబిలులోనూ నేటి పిల్లలకు అందని మాటలున్నాయి. మీ ఇంటి బిడ్డ ఒక వచనము అర్థము కాలేదంటే గద్దించకండి; ప్రక్కన కూర్చుండి విప్పి చెప్పండి. ఫిలిప్పు ఐతియొపీయుని రథమెక్కి చేసినది అదే కదా!

గ్రహించు మనస్సును ప్రభువు మీకు దయచేయును గాక. ఆమేన్.