మోటారు నాడి – చవక స్కానరు

కారు ముందుపలక మీద పసుపుపచ్చని చిన్న దీపమొకటి వెలుగును. ఇంజను బొమ్మ గల ఆ దీపమును చూడగనే గృహస్థుని గుండె గుభేలుమనును. బండి నడచుచునే యున్నది. శబ్దములో మార్పు లేదు. కాని దీపము ఆరదు. షెడ్డుకు పోయినచో ‘కంప్యూటరు పెట్టి చూడవలె’ నందురు. చూచినందుకొక రుసుము, చేసినందుకొక రుసుము. ఆ చూపేదో మన చేతికే వచ్చిన బాగుండునని తోచుట సహజము. బజారులో కొన్ని వందల రూపాయలకు దొరకు స్కానరు మొదలు, వేలకు వేలు పోసి కొనదగిన స్కానరు వరకు కలవు. వీనిలో ఇంటికి తగిన దేది? ఈ ప్రశ్నకు సమాధానము ధరల పట్టికలో కంటె ఆ పరికరము పుట్టిన చరిత్రలో చక్కగా దొరకును.

ఆ చరిత్రలో ప్రవేశించుటకు మన కంచన్‌బాగే మంచి వాకిలి. హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయమున నున్న ఈ పేటలో రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాలయు, రక్షణ లోహ పరిశోధనశాలయు, 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973లో ఏర్పడిన మిశ్రధాతు నిగమ్ సంస్థలును ఇరుగుపొరుగుగా నున్నవి. డాక్టర్ అబ్దుల్ కలాం నాయకత్వమున అగ్ని క్షిపణి పథకము నడచినది ఇచ్చటి ప్రయోగశాల నుండియే. ఎగిరిపోయిన క్షిపణిని వెనుకకు పిలిచి మరమ్మతు చేయుట ఎవరి తరము? కావున లోపము నేలమీదనే బయటపడవలెను. 1989 ఏప్రిల్ 20న ఒరిస్సా తీరమున చాందీపూర్‌లో ప్రయోగమునకు సర్వము సిద్ధమై, ఇంక 14 సెకండ్లు మాత్రమే మిగిలి యుండగా, కంప్యూటరు ‘ఆగు’ మని సూచించెను. ఒక పరికరము సరిగా పనిచేయుట లేదని దాని భావము. ఆనాటికి ప్రయోగము మానుకొనవలసి వచ్చెను. మే 1న మరల ప్రయత్నింపగా 10 సెకండ్ల ముందు మరల అదే సూచన. నియంత్రణ వ్యవస్థలోని ఒక అంగము తగురీతిని పనిచేయుట లేదని పరీక్షలో తేలినది. పత్రికలు పరిహసించినవి, శాస్త్రజ్ఞులు ఓర్చుకొనిరి. లోపము సవరించిన పిదప మే 22న అగ్ని ఆకాశమున కెగసినది.

ఈ కథలో మనము గుర్తుంచుకొనదగిన దొక్కటి కలదు. కంప్యూటరు ‘ఇచ్చట ఏదో సరిగా లేదు’ అని మాత్రమే చెప్పినది. అది ఏమి, ఎందువలన అని తేల్చినవారు మనుష్యులు. నేడు ఇంటి ముంగిట నిలిచిన కారులోని చిన్న కంప్యూటరు పనియు ఇంతకు మించినది కాదు.

పూర్వము ఈ పని మేస్త్రి చెవి చేసెడిది. 1932 జూన్ నెలలో నిజాము రాష్ట్ర రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను ప్రారంభమైనది. నాటి ఇంజనులలో కంప్యూటరు లేదు, దీపము లేదు. పొడవైన స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి, వైద్యుడు నాడి చూచినట్లు మేస్త్రి లోని చప్పుడు వినెడివాడు. ప్లగ్గు ఊడదీసి దాని మసిరంగును బట్టి పెట్రోలు ఎక్కువయినదో గాలి ఎక్కువయినదో చెప్పెడివాడు. కార్బ్యురేటరు గల అంబాసిడరు, ఫియటు బండ్ల కాలము వరకు ఈ విద్య చాలినది. అట్టి బండి నేటికిని ఇంట నున్నవారు స్కానరు కొనవలసిన పని లేదు. దానిని తగిలించు చోటే అందులో లేదు.

మార్పునకు కారణము పొగ. 1950 ప్రాంతమున అమెరికాలోని లాస్ ఏంజిలీసు నగరమును కమ్మిన పొగమంచు మోటారు వాహనముల పొగపై సూర్యరశ్మి పనిచేయుటచే పుట్టుచున్నదని హాగన్ స్మిట్ అను శాస్త్రవేత్త నిరూపించెను. 1970లో అచట గాలి శుభ్రతకై కఠినమైన చట్టము వచ్చినది. పెట్రోలును బొట్టు బొట్టుగా లెక్కించి ఇంజనుకు పోయవలసివచ్చెను. ఆ లెక్క ఇనుప మరలకు సాధ్యము గాక ఎలక్ట్రానిక్ నియంత్రణము ప్రవేశించినది. 1980లో జనరల్ మోటార్స్ సంస్థ కాలిఫోర్నియా బండ్లలో తన కర్మాగార పరీక్షకై ఒక సాకెట్టు అమర్చినది. దానిలోని రెండు రంధ్రములను చిన్న తీగముక్కతో కలిపినచో ఇంజను దీపము మినుకు మినుకుమని లోపపు అంకెను చెప్పెడిది. ఒక మెరుపు, కొంచెము విరామము, పిదప రెండు మెరుపులు: అనగా 12. ఆ తీగముక్కయే లోకములోని మొట్టమొదటి చవక స్కానరు అనవచ్చును.

అయితే ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క భాష. ఒకరి సాకెట్టు మరియొకరి పరికరమునకు పట్టదు. 1988లో అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘము అందరికిని ఒకే సాకెట్టు, ఒకే విధమగు సంకేతములు ఉండవలెనని సిఫారసు చేసినది. 1996 నుండి అమెరికాలో అమ్ము ప్రతి కారునందును అట్టి ఏర్పాటు, ఓ.బి.డి.–2 అను పేర, చట్టరీత్యా తప్పనిసరియైనది. పదునారు రంధ్రముల ఆ సాకెట్టు స్టీరింగు చక్రమునకు రెండడుగుల లోపున ఉండవలెను. మన దేశమున 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరములలో భారత్ స్టేజి–4 ప్రమాణములు అమలులోనికి వచ్చినప్పుడు ఇందలి మొదటి మెట్టు, 2013 ఏప్రిల్‌లో రెండవ మెట్టు వచ్చినవి. 2020 ఏప్రిల్ 1 నుండి స్టేజి–6 దేశమంతటను అమలైనది.

భాష ఒక్కటైన తోడనే పరికరము చవకయైనది. కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అను చిన్న సంస్థ ఇ.ఎల్.ఎం.–327 అను చిప్పును చేసి, కారు భాషను సామాన్య కంప్యూటరునకు తెలియునట్లు మార్చినది. తొలి చిప్పులోని ప్రోగ్రామునకు తాళము వేయలేదు. ఇతరులు దానిని యథాతథముగా ఎత్తివ్రాసి లోకమంతట అమ్మిరి. 2022లో ఆ సంస్థ మూతపడినది గాని నకళ్లు నేటికిని బజారు నిండ నున్నవి. కొన్నింటిపై ‘1.5’ అను సంఖ్య అచ్చొత్తియుండును. అసలు సంస్థ ఆ సంఖ్యతో చిప్పు వెలువరింపనే లేదు. ఇట్టి నకళ్లలో చక్కగా పనిచేయునవి కలవు. కొన్ని భాషలు మాత్రమే వచ్చినవి, నడుమ మాట తడబడునవి కూడ కలవు.

చట్టము తెరపించిన తలుపు పూర్తిగా తెరచుకొనలేదు. పొగకు సంబంధించిన సంకేతములు మాత్రమే అందరి సొత్తు. బ్రేకులు, గాలిసంచులు, తాళపుచెవుల సంగతులు చాలవరకు కంపెనీల సొంత భాషలోనే ఉండిపోయినవి. విడిభాగములను, లోపములు కనుగొను పరికరములను బయటి షెడ్డుల వారికి అందనీయకుండుట తగదని 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. కొన్ని కంపెనీలు అప్పీలు చేసినవి. ఏమైనను, స్కానరు అనునది ఆటవస్తువు కాదనియు, తన బండి తన కేమి చెప్పుచున్నదో వినగలుగుట కొనుగోలుదారుని హక్కునకు సంబంధించిన విషయమనియు ఆ తీర్పు వలన తేటపడినది.

ఇక ఎంపిక. కేవలము దీపము ఎందుకు వెలిగెనో తెలియవలెనన్నచో, సాకెట్టులో పెట్టి సెల్‌ఫోనులో చూచుకొను చిన్న బిళ్ల చాలును. ఐఫోను గలవారు సామాన్య బ్లూటూత్ బిళ్ల పనికిరాదని గుర్తించి, వైఫై గాని, తక్కువ విద్యుత్తుతో నడచు బ్లూటూత్ గాని గలదానిని తీసికొనవలెను. ఫోనుతో తంటాలు వలదనువారికి స్వంత తెర, తీగ గల చేతి పరికరము మేలు. అది సంకేతముతో పాటు, లోపము నమోదైన క్షణమున ఇంజను వేడి, వేగము ఎట్లున్నవో కూడ చూపవలెను. బ్రేకుల, గాలిసంచుల లోపములు చదువవలెనన్నచో తన కారు పేరు, సంవత్సరము ఆ పరికరపు జాబితాలో నున్నవో లేవో చూచి మరీ కొనవలెను. 2013కు ముందటి బండిలో సాకెట్టు ఉన్నను అది సామాన్య స్కానరుతో పలుకకపోవచ్చును. కావున ఒకసారి ఇరుగుపొరుగు వారి పరికరముతో పరీక్షించుట, వాపసు తీసికొను అంగడిలో కొనుట క్షేమము.

కొన్న పిదప జాగ్రత్త మరింత అవసరము. పి–0171 అను సంకేతము వచ్చినదనుకొనుడు. పెట్రోలునకు గాలి ఎక్కువైనదని మాత్రమే దాని అర్థము. గాలిగొట్టము చిట్లి యుండవచ్చును. పెట్రోలు పంపు బలహీనమై యుండవచ్చును. గాలిని కొలుచు సెన్సారు మురికి పట్టి యుండవచ్చును. సంకేతమును చూచిన వెంటనే ఖరీదైన సెన్సారు మార్చుట కొండను త్రవ్వి ఎలుకను పట్టినట్లగును. ఒక్కొక్కప్పుడు ఆ ఎలుక కూడ దొరకదు. మొదట బానెటు ఎత్తి, గొట్టములు, తీగలు కంటితో చూడవలెను. సంకేతమును వ్రాసికొనకుండ చెరిపివేయరాదు; చెరిపినచో సాక్ష్యము పోవును, రోగము పోదు. పని ముగిసిన పిదప బిళ్లను ఊడదీయుట మంచిది. లేకున్న నిలిచిన బండిలో బ్యాటరీని కొంచెము కొంచెముగా త్రాగుచుండును. దీపము నిలకడగా గాక మినుకుమినుకుమని వెలిగినచో పరీక్షలు కట్టిపెట్టి వేగము తగ్గించి వెంటనే మేస్త్రిని చేరుట ఉత్తమము.

చవక స్కానరు మేస్త్రికి శత్రువు కాదు. ఆతనితో తెలిసి మాటాడుటకు మనకు చిక్కిన నాలుగు మాటలు అది. సంకేతము వ్రాసిన చీటీతో షెడ్డుకు పోయిన గృహస్థుని మేస్త్రి కూర్చుండబెట్టి మాటాడును. వట్టి చేతులతో పోయినవాడు బయట నిలుచుండి చీటీకై ఎదురుచూచును. ‘ఆగు’ మను సూచనను విని, ఆగి, కారణము వెదకినందుననే అగ్ని ఎగిరినది. ఇంటి కారునకును ఆ నీతియే చాలును: యంత్రము చెప్పినది వినవలెను, విన్నదానిని కంటితో చూచి నిర్ధారించుకొనవలెను, అటుపిమ్మటనే ధనము ఖర్చు పెట్టవలెను.