గార్డెన్ రీచ్‌లో ఆరేళ్ళు ఆగిన ఓడలు

కోల్‌కతాలో పనిచేసిన మనవాళ్ళకి గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అండ్ ఇంజనీర్స్‌ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. జీ.ఆర్.ఎస్.ఈ. అంటేనే మనకి అలవాటు. 1884లో నదీ స్టీమర్ల కోసం హుగ్లీ ఒడ్డున పెట్టిన వర్క్‌షాపు అది. 1960లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. స్వతంత్ర భారతంలో తయారైన తొలి యుద్ధనౌక ఐ.ఎన్.ఎస్. అజయ్ ఇక్కడిదే. ఈ ఘనతలు మనం తరచూ చెప్పుకుంటూనే ఉంటాం. నేను రాయదలచింది మాత్రం ఆ యార్డు చూసిన ఒక గడ్డు దశాబ్దం గురించి.

ముందు తేదీలు చూడండి. కోరా కార్వెట్‌కి 1990 జనవరిలో కీల్ వేశారు. 1992 సెప్టెంబరులో నీటిలోకి దిగింది. కమిషన్ అయింది మాత్రం 1998 ఆగస్టులో! బ్రహ్మపుత్ర ఫ్రిగేట్ 1994లో లాంచ్ అయి 2000 ఏప్రిల్‌లో నేవీలో చేరింది. మన విశాఖ హిందూస్థాన్ షిప్‌యార్డులో 1991లో నీళ్ళు తాకిన ఘరియాల్, ఇక్కడ ఫిట్టింగ్ పూర్తి చేసుకుని బయటపడేసరికి 1997. మూడింటికీ లాంచింగ్ తరువాత ఆరేసి ఏళ్ళు పట్టిందన్నమాట.

కారణం అర్థం కావాలంటే ఓడని రెండు భాగాలుగా చూడాలి. హల్ పని చాలామటుకు యార్డు చేతిలో పని. ప్లేటు కోసి, వంచి, వెల్డింగ్ చేసే మనుషులు అక్కడే ఉన్నారు. లోపలికి వెళ్ళే తుపాకులు, రాడార్లు, క్షిపణుల సంగతి వేరు. వాటిలో చాలా భాగం బయటినుంచి రావాలి, ఎక్కువగా సోవియట్ యూనియన్ నుంచి. ఎనభైలలో అది మనకి బరువనిపించలేదు. చెల్లింపు రూపాయల్లో, తక్కువ వడ్డీకి, ఏళ్ళ తరబడి వాయిదాల్లో.

1991లో రెండు దెబ్బలు ఒకేసారి తగిలాయి. విదేశీ మారక నిల్వలు రెండు మూడు వారాల దిగుమతులకి సరిపోయే స్థితికి పడిపోయాయి. ప్రధాని మన పి.వి. నరసింహారావు గారు, ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ గారు. జులైలో రిజర్వ్ బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారం కుదువ పెట్టింది. మనిళ్ళలో నగ కుదువకి వెళ్ళిందంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో వేరే చెప్పాలా? అదే నెల మొదటి మూడు రోజుల్లో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గించారు. డాలరు 21 రూపాయల దగ్గరనుంచి 26 దగ్గరకి చేరింది. డిసెంబరుకల్లా సోవియట్ యూనియనే లేదు. రూపాయి ఖాతా పోయి డాలర్ల మాట వచ్చింది. పాత ఫ్యాక్టరీలు కొన్ని రష్యాలో, కొన్ని ఉక్రెయిన్‌లో. ఒక స్పేరు కోసం ఎవరికి ఉత్తరం రాయాలో తెలియని రోజులవి.

అలాగని తప్పంతా డబ్బు మీదే వేయడం న్యాయం కాదు. బ్రహ్మపుత్రకి అనుకున్నది హైదరాబాదులో రూపొందుతున్న త్రిశూల్ క్షిపణి. అది సకాలంలో రాలేదు, చివరికి ఇజ్రాయెల్ బరాక్ పెట్టారు. ఇది సాంకేతిక ఆలస్యం. కానీ చేతిలో డాలర్లు ఉంటే ఇంకో దారి ముందే వెతుక్కునే వీలుంటుంది కదా.

ఎక్కువ నష్టం మరోచోట జరిగిందని నా అభిప్రాయం. ఎనభైల చివరినుంచి తొంభైల మధ్యదాకా నేవీనుంచి కొత్త పెద్ద ఓడల ఆర్డర్లు చాలా తక్కువ. ఏ యార్డులోనైనా ఓడ ఆగితే జీతాలు ఆగవు. ముందొచ్చిన పరికరం గ్యారంటీ ఓడ కదలకముందే తీరిపోతుంది. పనిలేని మంచి వెల్డరు చెయ్యి మొద్దుబారుతుంది. 1993 నుంచి 96 దాకా రక్షణ శాఖ కూడా పి.వి. గారి దగ్గరే ఉంది. ఖజానా చక్కబెట్టాల్సిన మనిషే ఓడలకీ డబ్బు చూడాల్సి వచ్చింది. ఆయన ముందు ఖజానా వైపు మొగ్గారు. అప్పట్లో మనలో చాలామంది సణిగారు గానీ, ఖాళీ ఖజానాతో ఓడలు కట్టడం ఎవరివల్లా కాదు.

తరువాత దారి మారింది. రష్యానుంచి యుద్ధనౌకల ఉక్కు దొరకని స్థితిలో హైదరాబాదు డి.ఎం.ఆర్.ఎల్., స్టీల్ అథారిటీ కలిసి డి.ఎం.ఆర్. 249ఏ ఉక్కు తయారుచేశాయి. ఆ ఉక్కుతో గార్డెన్ రీచ్ కట్టిన కమోర్తా 2014 ఆగస్టులో విశాఖలో కమిషన్ అయింది. 2020 డిసెంబరులో లాంచ్ అయిన హిమగిరి 2025 ఆగస్టులో, అదీ విశాఖలోనే. ఆరేళ్ళు ఐదుకి దిగాయి. అయితే హిమగిరిని నడిపే గ్యాస్ టర్బైన్లు అమెరికా జనరల్ ఎలక్ట్రిక్ డిజైనువే.