తలకిందుల కోట – మధురలాలస మణి: కథలో పునర్దర్శనం

దుమికి, పోరాడి ముందుకు సాగే వీడియోగేమ్‌లలో వదిలి వచ్చిన చోటికే కొత్త శక్తితో తిరిగి వెళ్లే పద్ధతికి 1986 నాటి నింటెండో వారి ‘మెట్రాయిడ్’ బలమైన పునాది. 1997లో కొనామీ సంస్థ తెచ్చిన ‘కాసిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్’ దానిని పరాకాష్ఠకు చేర్చింది. ఇందులో డ్రాక్యులా కుమారుడు అలుకార్డ్ తండ్రి కోటను గాలిస్తాడు. రిక్టర్ అనే వీరుడు శత్రువై ఎదురవుతాడు. అతణ్ణి చంపితే ఆట అక్కడే ముగుస్తుంది. పవిత్రమైన కళ్లద్దాలు ధరించి పోరాడితే అతణ్ణి ఆడిస్తున్న మాయ కనిపిస్తుంది. దానిని ఛేదిస్తే అదే కోట తలకిందులుగా మళ్లీ ఎదుట నిలుస్తుంది.

16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’లో కళ్లద్దాల పని మణి చేసింది. హారంలోని మణి ఎదకు తగలగానే పసికందు మధురలాలసకు పూర్వజన్మ స్మృతి కలుగుతుంది. కలభాషిణిగా ఆమె నడిచిన కథనే పాఠకుడు మరోవైపు నుంచి చూస్తాడు. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ (1914) ఈ కావ్యాన్ని విస్తృతంగా చర్చించింది. అయితే పోలికకు హద్దుంది: ఆటలో దారి వెదకవలసినవాడు ఆటగాడు, కావ్యంలో మణి ఎప్పుడు తగలాలో సూరనే నిర్ణయించాడు.

2020లో ఈ ఆట మొబైల్ ఫోన్లకూ వచ్చింది. వికారాబాద్, తాండూరు కళాశాలల విద్యార్థికి తిరిగి వెళ్లి చూడటమనే అలవాటు ఫోన్‌లోనే అందుబాటులో ఉంది. అతనికి సూరన కథను కాలక్రమంలో సర్ది సారాంశంగా చెబితే, మణికి చేయడానికి పనే మిగలదు.