క్రూగర్ జాతీయ వనం: కుటుంబ సమేతంగా కారులో వన్యప్రాణి దర్శనం

దక్షిణాఫ్రికా ఈశాన్య సరిహద్దున, తూర్పున మొజాంబిక్‌ను, ఉత్తరాన జింబాబ్వేను ఆనుకొని ఉన్న అరణ్యప్రాంతమే క్రూగర్ జాతీయ వనం. దీని వైశాల్యం సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా పొడవు దాదాపు 360 కిలోమీటర్లు, సగటు వెడల్పు 65 కిలోమీటర్లు. ఇక్కడ సామాన్య కుటుంబం సొంత కారులోనో, అద్దె కారులోనో ప్రవేశించి, మార్గదర్శి లేకుండానే పిల్లలతో స్వయంగా తిరుగవచ్చును. ఆ స్వేచ్ఛతో పాటు కొన్ని కఠిన నియమాలు కూడా ఉన్నవి. వాటిని తెలిసికొని వెళ్ళినవారికే యాత్ర క్షేమంగా, తృప్తిగా సాగును.

పుట్టుపూర్వోత్తరాలు

వేట వలన తరిగిపోతున్న మృగసంతతిని కాపాడుటకై 1898లో ట్రాన్స్‌వాల్ గణరాజ్య అధ్యక్షుడు పాల్ క్రూగర్ కాలంలో సాబీ నదీ ప్రాంతాన్ని రక్షిత ప్రదేశంగా ప్రకటించిరి. 1902లో జేమ్స్ స్టీవెన్సన్-హామిల్టన్ దీనికి వార్డెన్‌గా నియమితుడై 1946 వరకు పనిచేసెను. 1926లో జాతీయ వనంగా చట్టం వచ్చినది. మరుసటి సంవత్సరం వచ్చిన తొలి యాత్రికుల కార్లు మూడు మాత్రమే.

నేడు వనానికి ముఖ్య కేంద్రమైన శిబిరం పేరు స్కుకూజా. ఇది ఆ వార్డెన్‌కు స్థానిక సోంగా ప్రజలు పెట్టిన పేరు. ‘ఊడ్చివేసినవాడు’ అని దానికి చెప్పే అర్థం. రక్షిత ప్రదేశంలో నివసించే ప్రజలను అతడు ఖాళీ చేయించుటయే ఆ పేరుకు కారణమని చెప్పుదురు.

ఎప్పుడు, ఎలా వెళ్ళవలెను?

దక్షిణార్ధగోళం కనుక అక్కడి ఋతువులు మనకు తలక్రిందులుగా ఉండును. మే నుండి సెప్టెంబరు వరకు వానలు లేని చలికాలం. గడ్డి ఎండి, చెట్ల ఆకులు రాలి చూపు దూరం వరకు సాగును. నీటి కొరత వలన జంతువులు నదులకు, మడుగులకు చేరును. మృగదర్శనానికి ఇదే అనువైన కాలం. అక్టోబరు నుండి వానలు మొదలగును. అప్పుడు పిల్ల జంతువులు, వలస పక్షులు ఎక్కువగా కనిపించును కాని, పెరిగిన గడ్డి మాటున పెద్ద జంతువులు దాగిపోవును. భారీ వానలకు రోడ్లు మూతపడుటయు కలదు. 2000 ఫిబ్రవరి వరదలలో వనం తీవ్రంగా దెబ్బతిన్నది.

జోహన్నెస్‌బర్గ్ విమానాశ్రయం నుండి దక్షిణ ద్వారాలకు రోడ్డు మార్గం సుమారు 400 కిలోమీటర్లు. మన దేశంలో వలెనే అక్కడ కూడా వాహనాలు ఎడమవైపున నడుచును. భారతీయులకు వీసా అవసరం. పచ్చజ్వరం వ్యాపించే దేశాల మీదుగా వెళ్ళుచు అక్కడ 12 గంటలకు మించి ఆగినచో టీకా పత్రం చూపవలెను. వనంలో, ముఖ్యంగా వానాకాలంలో, మలేరియా భయం ఉన్నది. కనుక ప్రయాణానికి ముందే వైద్యుని సంప్రదించి, ముందుజాగ్రత్త మందుల సంగతి తెలిసికొనవలెను. చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న కుటుంబాలు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించవలెను.

పాటించవలసిన నియమాలు

వేగ పరిమితి తారు రోడ్డుపై గంటకు 50, మట్టి రోడ్డుపై 40 కిలోమీటర్లు. జంతువులను చూచుటకు ఇంకను నెమ్మదిగా, 20 లేదా 30 కిలోమీటర్ల వేగంతో పోవుట మేలు. ఆగుచు పోవు వారికి నూరు కిలోమీటర్లకు నాలుగైదు గంటలు పట్టును. సాయంకాలం శిబిర ద్వారాలు మూసివేయు సమయం ఋతువును బట్టి మారును. ఆలస్యమైనవారికి జరిమానా ఉండును. రాత్రివేళ సొంత వాహనాలు తిరుగరాదు. వనం సిబ్బంది నడిపే వాహనంలో మాత్రం రాత్రి సంచారానికి పోవచ్చును.

గుర్తించి చూపిన స్థలాలలో తప్ప కారు దిగరాదు. తల, చేతులు కిటికీ బయటకు చాపరాదు. సింహం వంటి మృగాలు నిలిచి ఉన్న కారును సాధారణంగా లక్ష్యపెట్టవు. దిగిన మనిషి మాత్రం వాటి కంట వేరుగా పడును. బబూన్ కోతులకు ఆహారం వేయుట నేరం. మనుష్యుల తిండికి అలవాటుపడిన కోతి మీద పడుటకు తెగించును. చివరకు దానినే కాల్చివేయవలసిన స్థితి ఏర్పడును. పెట్టినవారి సరదాకు ప్రాణం పోగొట్టుకొనునది ఆ జంతువే.

ఏనుగుల విషయంలో సరిహద్దు జిల్లాల పాఠకులకు కొంత అనుభవం ఉన్నది. చిత్తూరు జిల్లా కౌండిన్య అడవులకు పొరుగు రాష్ట్రాల నుండి మందలు వచ్చుట తెలిసినదే. ఆఫ్రికా ఏనుగు మన ఏనుగు కంటే పెద్దది. దాని చెవులు విశాలంగా ఉండును. మగవాటికే కాక ఆడవాటికి కూడా సాధారణంగా దంతాలు ఉండును. చెవులు విప్పి, తల ఊపుచు ఎదురుగా నిలిచినచో అది హెచ్చరిక. కారును నెమ్మదిగా వెనుకకు మళ్ళించవలెను. తల్లికి, పిల్లకు నడుమ ఎన్నడు వాహనం నిలుపరాదు. చెంపల వెంట మదం కారుచున్న మగ ఏనుగుకు మరింత దూరం పాటించవలెను.

చూడదగిన తావులు

స్కుకూజా నుండి లోయర్ సాబీ వరకు నది వెంట సాగే రోడ్డు మృగసమృద్ధికి ప్రసిద్ధం. లోయర్ సాబీ వద్ద సన్‌సెట్ డ్యామ్‌లో నీటిగుర్రాలు, మొసళ్ళు కారులో కూర్చుండియే కనిపించును. సతారా పరిసరాల పచ్చిక మైదానాలు సింహాలకు నెలవు. ఒలిఫాంట్స్ శిబిరం ఎత్తైన కొండపై నుండి నదిని చూపును. లెటాబా శిబిరంలోని ఏనుగుల ప్రదర్శనశాలలో మహాదంతాలను పిల్లలు దగ్గరగా చూడవచ్చును. ఈ వనంలో 500 జాతులకు పైగా పక్షులు కలవు. కనుక సింహం కనబడని రోజు కూడా వ్యర్థం కాదు.

మనవారి సంబంధం

1860లో మద్రాసు నుండి బయలుదేరిన తొలి ఓడ మొదలుకొని నటాల్ చెరకు తోటలకు పోయిన ఒప్పంద కూలీలలో తెలుగువారు గణనీయంగా ఉండిరి. వారి సంతతివారే 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభను స్థాపించుకొనిరి. అయితే వర్ణవివక్ష కాలంలో ఈ వనంలోని ప్రధాన శిబిరాల బస చాలాకాలం తెల్లవారికే దక్కెను. నేడు డర్బన్ నుండి కారులో వచ్చే భారతీయ సంతతి కుటుంబాలకు ఆ శిబిరాలన్నీ తెరచియే ఉన్నవి.

సరిహద్దు గ్రామాల గాథ

వనం ఉత్తర కొసన లువువూ, లింపోపో నదులు కలిసే చోట మూడు దేశాల ఎల్లలు కలియును. ఆ పఫూరి ప్రాంతంలో తరతరాలుగా నివసించిన మకులేకె ప్రజలను 1969లో ప్రభుత్వం బలవంతంగా తరలించి, వారి నేలను వనంలో కలిపివేసెను. ప్రజాస్వామ్యం వచ్చిన పిదప వారు హక్కు కోరగా, 1998లో సుమారు 24 వేల హెక్టార్లు తిరిగి వారి పరమైనది. వారు అక్కడ మరల ఇళ్ళు కట్టుకొనలేదు. నేలను వన్యప్రాణులకే ఉంచి, వనం యాజమాన్యంతో కలిసి నిర్వహించుచు, యాత్రికుల వసతిగృహాల ద్వారా ఆదాయం పొందుచున్నారు.

2002లో మూడు దేశాలు ఒప్పందం చేసికొని గ్రేట్ లింపోపో ఉమ్మడి వనాన్ని ఏర్పరచినవి. మొజాంబిక్ వైపు కంచెలో కొంత భాగం తొలగించినందున ఏనుగులు అటునిటు నడచుచున్నవి. క్రూగర్‌కు పోయే కుటుంబం ఉత్తర కొస వరకు వెళ్ళగలిగినచో, మకులేకె వారి నేలను కూడా చూచి రావలెను. అక్కడి వసతిగృహంలో గడిపే రాత్రికి ఇచ్చే సొమ్ములో కొంత, ఒకనాడు ఆ నేల వీడిపోయిన ఊరివారికి చేరును.